మేడ మీది మంచం సంగతి

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. తార్నాకకు మెట్రో వచ్చేసింది, నాకు పెళ్ళి అయిపోయింది, పీహెచ్‌డీ ఒక్కటే ఇంకా కాలేదు. క్యాంపస్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో వేడి మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. యంత్రాల్లోంచి వేడి ఎటు పోతుంది, వృథాగా పోయే ఆ వేడిని పట్టుకుని మళ్ళీ ఎలా వాడుకోవచ్చు అన్నది నా థీసిస్. ఆ వయసులో మనిషికి తన సబ్జెక్టే లోకంలా కనిపిస్తుంది. టీ కప్పు మీంచి ఆవిరి లేస్తుంటే "అయ్యో, ఉత్తగనే పోతున్నది" అని నిజంగానే బాధపడేవాణ్ణి. (మా ఆవిడ ఆ కప్పు తీసుకుని టీ తాగేసి, "ఇప్పుడు వృథా కాలేదుగా" అనేది.) అలాంటి మేధావి ఇంట్లోకి ఆ వేసవిలో రెండు వచ్చాయి. ఒకటి ఏసీ, రెండోది మా అత్తగారు. అసలు ఆవిడ వస్తున్నారనే ఏసీ వచ్చింది.

మాది జనగామ దగ్గర వ్యవసాయ కుటుంబం. మా ఆవిడది భీమవరం వైపు. క్యాంపస్ లైబ్రరీలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని చదివి చదివి, చివరికి ఒకే ఇంట్లో కూర్చుందామని నిర్ణయించుకున్నాం. మా మామగారు పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేసి, భోంచెయ్యకుండా వెళ్ళిపోయారు. అత్తగారు భోంచేశారు గానీ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏడాది గడిచాక, కూతుర్ని చూడాలని ఉందనీ, వచ్చి రెండు వారాలుంటాననీ ఆవిడ ఫోన్ చేసినప్పుడు మా ఇంట్లో పండగే అయింది. అయితే ఒక షరతు ఉంది. మొదటి ఆదివారం మధ్యాహ్నం మామగారు వస్తారు. ఆవిడ ఇక్కడ సుఖంగా ఉంటే రెండో వారానికి వదిలి వెళ్తారు, లేకపోతే సాయంత్రం బండికి వెంటబెట్టుకుని తీసుకుపోతారు. అంటే నాకు పెట్టిన పరీక్షకు ఆరు రోజుల గడువన్నమాట.

ఆవిడ నాతో మాట్లాడకపోవడం గురించి కొంచెం చెప్పాలి. కోపమనీ అనలేం, పద్ధతి అనీ అనలేం, రెండూ తలా కాస్త కలిసిన వ్యవహారం అది. నేను రెండడుగుల దూరంలో కూర్చున్నా సరే, "ఆ అబ్బాయి ఇంకో ముద్ద పప్పు వేసుకుంటాడేమో కనుక్కోవే" అనేవారు. మా ఆవిడ నా వైపు తిరిగి, "పప్పు వేసుకుంటావా?" అనేది. "వేసుకుంటనని చెప్పు" అనేవాణ్ణి నేను. మా ఆవిడ ఆఫీసుకు పోయాక ఈ రాయబారం నడిపేవాళ్ళు ఉండరు కదా, అప్పుడు ఆవిడ ఫ్రిజ్‌తో మాట్లాడేవారు. "అన్నం, కూర టేబుల్ మీద ఉన్నాయి" అని ఫ్రిజ్‌కి చెప్పి లోపలికి వెళ్ళిపోయేవారు. నేను ఫ్రిజ్ తరఫున భోంచేసేవాణ్ణి. ఆరు రోజుల్లో ఎలాగైనా ఆవిడ నోట నన్ను ఉద్దేశించి ఒక్క మాట వినాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

మాది మూడో అంతస్తు. పైన మేడ, మేడ మీద తార్నాక ఎండ మొత్తం. మధ్యాహ్నానికి స్లాబు కాలిపోయేది. అయినా కొత్త ఏసీ మొదటి రోజంతా బ్రహ్మాండంగా పనిచేసింది. అత్తగారు పైట నిండా కప్పుకుని కూర్చోవడం చూసి నా గుండె పొంగిపోయింది. మర్నాడు ఆవిడ సగ్గుబియ్యం వడియాలు పెడతానన్నారు. "మన ఊళ్ళో అయితే ఎండడానికి మూడు రోజులు పడుతుందే, ఇక్కడ పావురాలూ, దుమ్మూ, ఏమవుతాయో" అని కూతురితో అంటుంటే విన్నాను. అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. మేడ మీద మా ఏసీ బయటి పెట్టె ఉంది. దాని ఫ్యాన్ పొద్దస్తమానం వేడిగాలిని ఆకాశంలోకి ఉత్తపుణ్యానికి ఊదేస్తోంది. నా థీసిస్‌కి కావలసిన వృథా వేడి నా నెత్తిమీదే ఉంది.

ఒక్క అంగలో మేడెక్కాను. ఓనరుగారి పాత నులక మంచం ఒకటి వాటర్ ట్యాంకు పక్కన ఉంది. దాన్ని లాక్కొచ్చి ఫ్యాన్‌కి ఆనించి వేశాను. ఏసీ వచ్చిన అట్టపెట్టె విప్పి, మంచం కింద మూడు పక్కలా తడికలా కట్టాను. ఇప్పుడు ఆ వేడిగాలి పోదామన్నా పోవడానికి దారి లేదు, నులక సందుల్లోంచి పైకి రావలసిందే. మంచం మీద తడి చీర పరిచి, దాని మీద వడియాలు పెట్టించాను. మా ఆవిడకు చెబుతున్నట్టుగా, అత్తగారికి వినిపించేట్టుగా, "ఇది మామూలు మంచం కాదు, డ్రయ్యర్" అని పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. సాయంత్రానికల్లా వడియాలు గలగలమన్నాయి. అత్తగారు ఒక వడియం చిటుక్కున విరిచి చూసి, "ఫరవాలేదే" అన్నారు కూతురితో. ఆ ఒక్క మాటతో నాకు భూమి మీద కాలు ఆనలేదు. రోజూ పొద్దున్నే కొత్త వాయి వడియాలకు మంచం వేసి క్యాంపస్‌కి పోవడం, సాయంత్రం అయిదింటికి ఓనరుగారు మేడ మీద వాకింగ్‌కి వచ్చేలోగా మంచాన్నీ అట్టల్నీ తీసి ట్యాంకు పక్కన పెట్టడం నా దినచర్య అయిపోయింది.

సరిగ్గా ఆ రోజు నుంచే ఏసీ మొరాయించింది. (మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. నాకు ఆదివారం దాకా పట్టింది. నేను వేడి మీద పరిశోధన చేస్తున్నానని మళ్ళీ మనవి చేస్తున్నాను.)

ఒంటిగంటకు భోజనానికి ఇంటికొస్తే, అత్తగారు ఏసీ కిందే కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. ఏసీలోంచి గోరువెచ్చని గాలి వస్తోంది. పైన బయటి పెట్టె కాసేపు ఉరుముతోంది, టక్కుమని ఆగిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. విసనకర్ర చప్పుడు నన్ను తిడుతున్నట్టే వినిపించింది. వెంటనే స్టూలెక్కి ఫిల్టర్లు ఊడదీసి, కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, బిగించాను. అప్పటికి అయిదయింది. మేడెక్కి మంచం తీసి వచ్చేసరికి ఏసీ చల్లగా కొట్టడం మొదలుపెట్టింది. మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే, "ఫిల్టర్ల దుమ్ము పేరుకున్నది, గంతే. ఒక్క చేత్తోని సెట్ చేసిన" అన్నాను. మూడు రోజుల నాటి కొత్త ఏసీలో దుమ్మెక్కడిదని ఆవిడా అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే తంతు. ఈసారి తప్పు కిటికీలదని తేల్చాను. అద్దాలకు నల్లకాగితాలు అంటించి, తలుపు సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి, మేడ మీద తడిగోనెలు పరిచాను. సాయంత్రం మంచం తీశాక ఇల్లు కొడైకెనాల్ అయింది. "నిన్న ఫిల్టర్లు సగం కారణం, ఇయ్యాల కిటికీలు మిగతా సగం" అని ప్రకటించాను. రోజూ మధ్యాహ్నం ఓడిపోవడం, సాయంత్రం గెలవడం. గెలిచినప్పుడల్లా ఆ రోజు ఏం చేశానో దానివల్లే గెలిచాననుకోవడం. ఇదెంత ఉత్సాహంగా ఉండేదంటే, రాత్రి పడుకోబోతూ రేపు ఇంకేం పరీక్షించాలా అని చేతులు దురద పెట్టేవి.

మూడో రోజు, అంటే గురువారం, నా అహం చంపుకుని మెకానిక్‌ని పిలిచాను. మాణికేశ్వర్ నగర్ నుంచి ఆయన వచ్చేసరికి ఆరయింది. మేడెక్కి, పెట్టె చుట్టూ తిరిగి, గేజీ పెట్టి చూసి, కిందికొచ్చి ఏసీ ముందు చెయ్యి పెట్టాడు.

"మస్తు ఠండా కొడుతున్నది గద సార్. గ్యాస్ ఫుల్లున్నది. ఎందుకు పిలిచిన్రు?"

"పగటిపూట కొడ్తలేదు భాయ్."

"పగటిపూట ఎండ ఉంటది సార్." కాసేపు నన్నూ, కిటికీల మీది నల్లకాగితాల్నీ, తలుపు సందుల్లో తువ్వాళ్ళనీ చూశాడు. "మీరేం పని చేస్తరు?"

"గీ వేడి మీదనే పరిశోధన చేస్తున్న."

"గందుకే" అని, స్క్రూడ్రైవర్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఇక లాభం లేదని కాగితం మీదికి దిగాను. గదిలోకి వేడి ఎక్కడెక్కడి నుంచి వస్తోందో ఒక నోట్‌బుక్‌లో పట్టిక రాశాను. పైకప్పు, పడమటి గోడ, ఫ్రిజ్, మనుషులు. మనిషి ఒంట్లోంచి కూడా వేడి వస్తుంది కదా, శాస్త్రం శాస్త్రమే. ఆ వరుసలో నీటుగా "అత్తగారు (రోజంతా)" అని రాసి, కింద గీత గీశాను. గీసి, నోట్‌బుక్ టేబుల్ మీద వదిలేసి లాబ్‌కి పోయాను. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ ఫ్రిజ్‌తో కూడా మాట్లాడటం మానేశారు.

సాయంత్రం మా ఆవిడ నోట్‌బుక్ నా ముందు పెట్టి, "మా అమ్మ నీకు హీట్ లోడా?" అంది. లెక్క ప్రకారం నేను కూడా లోడేననీ, తను కూడా లోడేననీ చెప్పబోయాను. అది ఇంకా అధ్వాన్నంగా వినిపించింది. వంటింట్లోంచి అత్తగారి గొంతు నింపాదిగా వచ్చింది. "ఆదివారం మీ నాన్న రాగానే నేనూ బయల్దేరతానే. నా వేడి ఎందుకు వీళ్ళకి." ఆవిడ బ్యాగు సర్దుకుంటున్న జిప్పు చప్పుడు నా గుండెల్లో వినిపించింది. ఒక్క మాట విందామని ఆశపడినవాణ్ణి, ఉన్న ఫ్రిజ్‌ని కూడా పోగొట్టుకున్నాను. ఆ శనివారం నేను ఏసీ జోలికే పోలేదు. అయినా వడియాల మంచం మాత్రం బుద్ధిగా వేసి వచ్చాను, ఆవిడకు నేను చేసిన మంచిపని ప్రపంచంలో అదొక్కటే కాబట్టి.

ఆదివారం పదకొండింటికి మంచం వేసి దిగాను. పదకొండున్నరకి మా ఆవిడ మామగారిని తీసుకురావడానికి మెట్రో స్టేషన్‌కి వెళ్ళింది. వెళ్ళిన అయిదు నిమిషాలకి పైన టక్కుమంది. ఏసీ వేడి ఊపిరి వదిలింది. ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని మేడెక్కాను. పెట్టె మూత విప్పాలో, నెత్తిన నీళ్ళు పొయ్యాలో తేల్చుకోలేక నిలబడి ఉంటే, వెనకాల మెట్ల మీద అడుగుల చప్పుడయింది. అత్తగారు. పైట నెత్తిన కప్పుకుని, పిట్టగోడ మీది పావురం వైపు చూస్తూ అన్నారు.

"ముక్కూ నోరూ మూసేసి పరిగెత్తమంటే ఏదైనా ఎలా పరిగెడుతుంది?"

పావురానికి ఏమర్థమైందో గానీ నాకేమీ అర్థం కాలేదు. వడియాలు చెదురుతాయని భయపడుతున్నారేమో అనుకుని, మంచాన్ని ఇంకో జానెడు ముందుకి, పెట్టెకి మరింత ఆనేలా జరిపాను. ఆవిడ నుదురు కొట్టుకుని పావురాన్ని మళ్ళీ చూశారు. పావురం ఎగిరిపోయింది. ఇక మేడ మీద మిగిలింది ఆవిడా, నేనూ.

"నాయనా, నీకే చెప్తున్నాను" అన్నారు. "ముందు ఆ మంచం తియ్యి. దాని వేడి అది బయటికి కక్కుకోవాలా వద్దా? నువ్వు అట్టలు కట్టి మూసేస్తే కక్కిందే మళ్ళీ మింగుతోంది. మంచం వేసిన అరగంటకి చస్తోంది, తీసిన అరగంటకి బతుకుతోంది. నాలుగు రోజుల్నుంచి అమ్మాయికి చెప్తుంటే, ఆయన చదువే అది, నీకేం తెలుసు అంటుంది. ఎండలో మాడిపోతున్నావు, తియ్యి."

నేను కదల్లేదు. ఏసీ సంగతి సగమే నా బుర్రలోకి వెళ్ళింది. మిగతా బుర్రంతా 'నాయనా' అన్న మాటా, 'నువ్వు' అన్న మాటా ఆక్రమించాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమటేలెమ్మని తుడుచుకున్నాను. తర్వాత మిగిలిన సగం కూడా బుర్రకెక్కింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ సామెత ఉంది కదా, ఆ వెతికినవాళ్ళు నాకంటే నయం, వాళ్ళు కనీసం పిల్ల గొంతు పిసకలేదు.

"అత్తమ్మా, గీ మంచం నేనే ఏసిన" అన్నాను.

"చూశాను. అందుకే చెప్పడానికి మొహమాటపడ్డాను. నా వడియాల కోసమే కదా వేశావు."

ఇద్దరం కలిసి చెరో పక్కా పట్టి ఆ మంచాన్ని ట్యాంకు దగ్గరికి మోశాం. నేను అట్టలు పీకేశాను. పెట్టె ఒక్కసారి గాఢంగా ఊపిరి పీల్చుకున్నట్టు గుయ్యిమంది. మేం మెట్లు దిగి వచ్చేసరికి గది చల్లబడటం మొదలైంది. ఇంకో పావుగంటకి మామగారు వచ్చి, ఏసీ కింద కూర్చుని, కండువాతో మెడ తుడుచుకుని, "చల్లగానే ఉందే. పాడైందని అమ్మాయి దారంతా ఏడ్చింది, ఎవరు బాగుచేశారు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి అన్నారు. "మా అల్లుడే. అతని చదువే అది కదా."

మామగారు ఆ పూట భోంచేశారు. వడియాలు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. సాయంత్రం బండికి ఒక్కరే వెళ్ళారు. అత్తగారి బ్యాగు జిప్పు మళ్ళీ విప్పిన చప్పుడు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. ఏసీ బయటి పెట్టె బొమ్మ బోర్డు మీద గీసి, దాని ముందు ఖాళీ జాగా వదలాలి అని చెప్పేటప్పుడు, చేతిలో స్క్రూడ్రైవరూ బకెట్టూ పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అంత తెలివితక్కువగా, అంత ఉత్సాహంగా, ఒక్క మాట కోసం అంతగా తపించడం ఇప్పుడు నాకు చేతకాదు. వాణ్ణి చూసి నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. థీసిస్ ఇచ్చేటప్పుడు మొదటి పేజీలో కృతజ్ఞతలు రాశాను. మా గైడుగారి తర్వాత అత్తగారి పేరే. మా ఆవిడ అది ఫోన్‌లో చదివి వినిపిస్తే ఆవిడ వెంటనే ఫోన్ నాకు ఇమ్మన్నారు.

"మంచం సంగతి అందులో ఎక్కడా రాయలేదు కదా నాయనా?" అన్నారు గొంతు తగ్గించి.

"లేదు అత్తమ్మా" అన్నాను. అప్పటికి అది నిజమే.