సున్నా దగ్గర ఆగిన లెక్క

నడి ఎండల్లో తడిసిన ఎర్రమొరం మట్టి వాసన తగిలితే బండి ఆపేస్తాను. పైన మబ్బు లేదంటే కింద ఎక్కడో పైపు పగిలినట్టే. వెంటనే విమలక్క గుర్తొస్తుంది. బీదర్‌లో మంచినీటి పైపులు చూసే ఓ గుత్తేదారు దగ్గర లెక్కలు కట్టడం ఆమె పని, మీటర్లు చూసి అంకెలు తేవడం నా పని. అంకెలతోపాటు ఒకటి రెండు అబద్ధాలూ తెచ్చేవాణ్ణి. కోట కందకంలో మొసలి మీటరు మింగేస్తే, దాని పొట్ట మీద చెవి పెట్టి రీడింగు రాసుకొచ్చానని చెబితే, "మొసలి సంతకం గూడ తేవాల్సుండె, శంకరయ్యా" అనేది.

పైపును ముక్కలుగా అనుకుని, ఏ ముక్కలో ఎంత కారితే మా కొలతలకు దగ్గరగా వస్తుందో, తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా ఆమె లెక్కగట్టేది. ఒకసారి రెండు ముక్కలకు సున్నా కన్నా తక్కువ వచ్చింది.

"అక్కా, ఆడ పైపే భూమిల నీళ్లు తాగుతాంది!" అన్నాను.

నవ్వింది. "కారుడు సున్నా కిందికి పోదు గదా. అందుకే దాన్ని ఇంకో అంకెకు వర్గమని రాసుకుందాం. ఆ అంకె ఎట్లున్నా వర్గం కిందికి దిగదు. ఇగ సున్నా కాడ కంచె గట్టి కాపలా కాసుడు మనకొద్దు."

ఈ లెక్కకు ముందు కొన్ని అంకెలు ఊహించి, తేడా తగ్గే వైపు కొంచెం కొంచెం జరుపుతూ పోవాలి; ఆమె పాత జవాబుల నుంచే మొదలుపెట్టింది. తక్కువ వచ్చిన ఆ రెండింటికీ సున్నా పెట్టింది. కొత్త జవాబులోనూ అవి సున్నాగానే ఉన్నాయి.

అందులో ఒకటి మా గల్లీ. పైపు కారడం లేదు, అయినా ఇళ్లకు నీళ్లు చాలడం లేదు. అంటే వాల్వు తిప్పే నర్సప్పే నీళ్లు దొంగతనంగా మళ్లిస్తున్నాడని గుత్తేదారు తేల్చి, పనిలోంచి తీసేశాడు. గల్లీ అంతా నమ్మింది. నర్సప్ప పెళ్లాం పిల్లలతో పక్కనున్న కమఠాణ ఊరికి, బావమరిది చేనుకు వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం విమలక్క టిఫిను డబ్బా మూత తీసి, తినకుండా కూర్చుంది.

"సున్నా కాడ నిలబెట్టినం, అది కదల్లేదు శంకరయ్యా. వర్గానికి సున్నా కాడ వాలే ఉండదు, గిన్నె అడుగున గోలీ తీరుగ ఆడనే ఉంటది. అది లెక్క తేల్చిన సున్నా గాదు, నేను పెట్టిన సున్నా."

ఈసారి సున్నాకు బదులు చిన్న అంకెలిచ్చి మళ్లీ చేసింది. ఒక ముక్క సున్నాకే చేరింది. మా గల్లీది పైకి లేచింది. తవ్విస్తే, పగిలిన పైపు నీళ్లన్నీ పాత మురుగు మోరీలోకి పోతున్నాయి.

విమలక్క నా బండి వెనక కూర్చుని కమఠాణ వచ్చింది. కంది చేనులో నిలబడి తప్పు తనదేనని, మళ్లీ పనిలోకి తీసుకుంటారని నర్సప్పకు చెప్పింది.

"కూసో అమ్మా, ముందు నీళ్లు తాగు" అన్నాడు. ఆమె తాగాక, "నీ లెక్క సక్కగైంది. నా కొడుకును దొంగోని కొడుకన్నరు. ఆ నోళ్లను ఏ లెక్కతోని సక్కజేస్తవు?" అన్నాడు. పనికి రాలేదు.

తిరుగు దారిలో, "గల్లీల నీ మాట ఇంటరు. నువ్వు చెప్పు" అంది నాతో. నర్సప్ప దొంగ కాదని చెప్పాను. చాయ్ కొట్టులో, మంగలి దుకాణంలో, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. "మస్తు చెప్తవు మామా! ఇంకోటి గొట్టు!" అని నవ్వారు.

"నమ్మిండ్రా?" అని విమలక్క అడిగింది.

"నమ్మిండ్రక్కా."

నా అబద్ధాలన్నీ ఇట్టే పట్టేసే మనిషి, దాన్ని మాత్రం పట్టలేదు. పట్టినా ఊరుకుందేమో. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. మా గల్లీకి కొత్తగా ఎవరు అద్దెకు దిగినా, సామాను దించకముందే వెళ్లి నర్సప్ప సంగతి చెబుతాను. నేనెలాంటివాడినో ఇంకా తెలియనిది వాళ్లకే కదా.