పాత డబ్బాలో కొత్త బోర్డు

సాయంత్రం ఆరు దాటింది. వాన వెలిసింది గానీ ఉక్క తగ్గలేదు. గోడౌన్‌కి లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేసరికి బావకి మధ్యాహ్నం తినే తీరిక దొరకలేదు. తీరా డబ్బా మూత తీస్తే అన్నం పాచిపోయి ఉంది. ఆకలికి కళ్లముందు మిణుగురులు తిరుగుతుండగా ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తినడానికి కూర్చుందామంటే బల్ల ఖాళీ లేదు. బల్ల నిండా కంప్యూటర్ ముక్కలు.

"ఇవాళ కూడా ఇంతేనా?" అన్నాడు.

"ఒక్క పావుగంట బావా," అన్నాడు బామ్మర్ది, పెదాల మధ్య స్క్రూ పట్టుకునే.

"నీ పావుగంటలు కూడబెడితే నా మిగతా ఆయుష్షు అయిపోతుందిరా."

"గడప మీద కూర్చోండి, కంచం అక్కడికే తెస్తా," అంది భార్య. "వాణ్ణి కదిలించకండి. అసలే వాడికి ఏం పాలుపోవట్లేదు."

ఆ మాటకి అతనికి ఒళ్లు మండింది. పాలుపోనిది ఎవరికి? బస్తాలు మోసి మోసి నడుం పట్టేసిన తనకి గానీ, వాడికా!

నిజానికి అతను బావ అయ్యింది ఒక్కడికే. కానీ ఆ ఒక్కడు పొద్దున లేచింది మొదలు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి "బావా, బావా" అని అరుస్తుంటే, ఇస్త్రీ బండి ముసలాయనతో సహా వీధంతా అతన్ని బావనే చేసుకుంది.

బామ్మర్ది ఈ ఇంటికి ఒక పెట్టె బట్టలతో, రెండు గోతాల సామానుతో వచ్చాడు. పనిచేసే రిపేరు షాపు మూతపడితే, ఇంకోటి దొరికేదాకా ఉంటానన్నాడు. తర్వాత పని దొరికింది, పోయింది, మళ్లీ దొరికింది. మనిషి మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. గోతాల్లోని సామాను మంచం కిందకి చేరి, పిల్లల్ని పెట్టినట్టు పెరిగింది. చచ్చిపోయిన కంప్యూటర్ల ఫ్యాన్లు, వైర్లు, కాళ్లు విరిగిన కీబోర్డులు. మందుసీసాల్లో సైజుల వారీగా స్క్రూలు. ఏది పారేద్దామన్నా, "ఉండనీ బావా, పనికొస్తుంది," అనేవాడు. అలాగని మాటల మనిషి కాదు. వీధిలో ఎవరింట్లో మిషన్ ఆగిపోయినా, ఎక్కడో చచ్చినదాని ముక్క తెచ్చి ఇక్కడ బతికించి వచ్చేవాడు. కొత్తది కొనమని ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. వాడికో పట్టింపు ఉంది. ఒకసారి బిగించి ఉన్నదాన్ని అవసరం లేకుండా విప్పడు. "కుదురుగా ఉన్నదాన్ని కెలక్కూడదు అక్కా," అనేవాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కు అక్క కంప్యూటర్‌తోనే. ఒక ఆస్పత్రిలో డాక్టర్లు గబగబా చెప్పి రికార్డు చేసిన మాటల్ని చెవులకి తగిలించుకుని విని, టైపు చేసి పంపడం ఆమె పని. ఆ డాక్టర్ల వేగం అందుకోవడానికి ఆమె ఏళ్లతరబడి పొట్టి గుర్తులు పోగేసుకుంది. రెండక్షరాలు కొడితే చాలు, బారెడు వాక్యం తనంతట తనే వచ్చి పడేది. అవన్నీ పాత హార్డ్‌డిస్కులో ఉన్నాయి. ఇంకోచోట దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. సోమవారం నుంచి కొత్త ప్రోగ్రాం, అది పాత మిషన్లో నడవదు, నడవకపోతే పని ఇంకొకరికి ఇస్తాం అన్నారు ఆఫీసు వాళ్లు.

"మిషన్ మొత్తం ఎందుకు మార్చడం?" అన్నాడు బామ్మర్ది. "బోర్డు, దాని మీది ప్రాసెసర్, ర్యామ్, ఇవి కొత్తవి చాలు. బయటి రేకు డబ్బా పాతదే. పవర్ సప్లై పాతదే. హార్డ్‌డిస్కూ పాతదే, నీ గుర్తులు నీకు అలాగే ఉంటాయి."

మాట బంగారంలా ఉంది. మిషనే మొండికేసింది. బటన్ నొక్కితే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి, తుమ్మబోయి మానుకున్నట్టు ఆగిపోయేది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాడు. పవర్ సప్లై మార్చి మంచం కిందది ఇంకోటి పెట్టాడు. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. అదే ఒక్క చుట్టు. బోర్డు మోసుకుని అది కొన్న షాపుకి పోతే అక్కడ బల్ల మీద అట్టముక్క వేసి పెట్టగానే లక్షణంగా వెలిగింది. ఇంటికి తెచ్చి డబ్బాలో బిగిస్తే మళ్లీ శవం.

"అక్కడ బతికి ఇక్కడ చావడమేంట్రా? మా ఇల్లేమన్నా శ్మశానమా?" అన్నాడు బావ, గడప మీద కంచం పట్టుకుని.

"అదే అర్థం కావట్లేదు."

"నాకు అర్థమైంది. కొత్తదాన్ని తెచ్చి ఈ తుక్కులో కూర్చోబెట్టావు. చూసి దడుచుకుంది."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. బామ్మర్ది మాత్రం నవ్వలేదు. తల డబ్బాలోకి ఇంకా లోతుగా పెట్టాడు.

ఆదివారం పొద్దున బామ్మర్ది బోర్డూ పవర్ సప్లై సంచిలో వేసుకుని మళ్లీ షాపుకి వెళ్లాడు. ఇంకొక్కరోజు గడువు అడుగుదామని భార్య ఆఫీసుకి వెళ్లింది. ఇంట్లో బావ ఒక్కడే మిగిలాడు. ఎదురుగా బల్ల మీద నోరు తెరుచుకుని పాత డబ్బా. రేపు పొద్దున ఆఫీసు వాళ్లు అడిగితే ఏం చెప్తుంది ఆవిడ? తమ్ముడు ఇంకా రబ్బరుతో రుద్దుతున్నాడనా? లేచి వెళ్లి వీధి చివర దుకాణంలో సిద్ధంగా ఉన్న కొత్త కంప్యూటర్ ఒకటి ఇంటికి పంపమని చెప్పేశాడు. తిరిగొస్తుంటే పాత ఇనుప సామాన్ల బండి ఎదురైంది.

"ఏమన్నా ఉందా బావా?" అన్నాడు బండివాడు.

"రా, కొండంత ఉంది."

మంచం కిందదంతా చేతులారా లాగి ఇచ్చాడు. ఆఖరికి బల్ల మీది డబ్బా కూడా ఎత్తి బండిలో పడేశాడు. బండి మలుపు తిరిగాక ఇల్లు విశాలంగా కనిపించింది. చాలా కాలానికి బల్ల ముందు కాళ్లు చాపుకుని కూర్చుని తిన్నాడు.

చెయ్యి కడుక్కుంటుంటే బామ్మర్ది పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది బావా! నా బుర్ర తగలెయ్య! బోర్డు కింద ఆనడానికి డబ్బాకి ఇత్తడి కాళ్లుంటాయి కదా, పాత బోర్డు కాలు ఒకటి తీయకుండా అలాగే వదిలేశాను. కొత్త బోర్డుకి అక్కడ కన్నం లేదు. కింద గుచ్చుకుని షార్టవుతోంది. షాపాయన తిరగేసి చూపించాడు, అడుగున గీత పడి ఉంది. ఆ కాలు ఒక్కటి విప్పితే చాలు..." బల్ల కేసి చూశాడు. "డబ్బా ఏది?"

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బావా, డబ్బా ఏది?"

"బండివాడికి ఇచ్చేశా. కొత్త మిషన్ వస్తోందిలే."

"హార్డ్‌డిస్కు దాంట్లోనే ఉంది."

సరిగ్గా అప్పుడే భార్య గుమ్మంలోకి వచ్చింది. "రేపు సాయంత్రం దాకా ఆగుతామన్నారు," అని చెప్పులు విప్పుతూ ఇద్దరి మొహాలూ చూసి, ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

బండివాడి కొట్టు దొరికేసరికి ఎండ వాలింది. డబ్బా రేకుని తొక్కి చదును చేసేశారు. హార్డ్‌డిస్కుని లోపలి అయస్కాంతాల కోసం సుత్తితో పగలగొట్టారు. అద్దంలా మెరిసే దాని పళ్లెం వంగిపోయి నేలమీద పడి ఉంది. బామ్మర్ది వంగి దాన్ని చూశాడు. పనికొస్తుందని అనలేదు. ముట్టుకోలేదు కూడా.

"పొద్దున ఇచ్చావు కదా బావా, ఇప్పుడు కావాలంటే ఎలా?" అన్నాడు బండివాడు.

కొత్త మిషన్ బాగానే నడిచింది. అక్క పని పోలేదు గానీ, గుర్తులు లేక అక్షరం అక్షరం కొట్టుకోవలసి వచ్చేసరికి డాక్టర్ల నోటివేగం ఆమె చేతికి అందలేదు. ఆఫీసు వాళ్లు సగం రికార్డులు ఇంకొకామెకి మళ్లించారు. "పోన్లెండి, మళ్లీ పోగేసుకుంటా," అంది భర్తతో. ఆ మాట అన్నప్పుడు అతని వైపు చూడలేదు.

బామ్మర్ది అయితే పల్లెత్తు మాట అనలేదు. బావకి అదే మింగుడు పడలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. ఆ కాలు ముందే ఎందుకు చూసుకోలేదురా, తప్పు మొదట నీది కాదా అని నిలదీసేవాడు. వాడు ఆ సందే ఇవ్వలేదు. "కాస్త ఈ ఫ్యాను చూడరా, మోగుతోంది," అని తనే పని కల్పించి పిలిచినా, వచ్చి, బాగుచేసి, వెళ్లి మంచం మీద కూర్చునేవాడు.

ఒక గురువారం పొద్దున బావ గోడౌన్‌కి బయల్దేరుతూ తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. బామ్మర్ది టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పెట్టె పట్టుకుని గడప దాటాడు. రిపేరు కోసం ఎవరింటికో అనుకున్నాడు బావ.

"సాయంత్రం తొందరగా వస్తావా?" అని అడిగాడు.

వాడు తను వచ్చిననాటి బట్టల పెట్టెని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఇస్త్రీ బండి పక్క నుంచి నడిచి, మలుపు తిరిగిపోయాడు.