ఇంగ్లండు రాజుకి వన్స్ మోర్

ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరులో సంధి కుదిరి నూరేళ్ళు నిండిన మరుసటి ఏడాది, వాటర్‌ఫోర్డ్‌లో ఒక మందుల ప్లాంటుకి నన్ను క్వాలిటీ మేనేజరుగా వేశారు. మందు తయారుచేసేది ప్రొడక్షన్ వాళ్ళు; అది బయటికి వెళ్ళొచ్చో లేదో తేల్చేది మేము. చేరిన నెలలోనే ఒక బ్యాచ్‌ని హోల్డ్‌లో పెట్టాను, అంటే నాణ్యత సంగతి తేలేదాకా గోడౌన్ దాటనివ్వలేదు. దాంతో ప్రొడక్షన్ సూపర్‌వైజర్ డెక్లన్ నాతో మాట మానేశాడు. ఆయన మానేస్తే ఫ్లోరంతా మానేసినట్టే. మెషీన్ దగ్గర చిన్న తేడా వచ్చినా వెంటనే మాకు చెప్పాలని రూలు. చెప్పే నాథుడు లేడు! అక్టోబరులో ప్రభుత్వ తనిఖీ. అప్పటికీ ఇదే వరసైతే ప్లాంటు లైసెన్సుకే ఎసరు.

ఆ వేసవి కంపెనీ ఫ్యామిలీ డేకి సంధి కథే నాటకంగా వేద్దామన్నారు. తిరుగుబాటు నాయకుడి వేషం డెక్లన్‌ది. ఇంగ్లండు రాజు వేషానికి ఒక్క ఐరిష్‌వాడూ ముందుకు రాలేదు. "ఎలాగూ మీరంటే ఎవరికీ పడట్లేదుగా, మీరే వేసెయ్యండి," అంది హెచ్.ఆర్. అమ్మాయి షివోన్, నవ్వాపుకుంటూ. ఎగిరి గంతేశాను. నాటకాలకి పేరుపడ్డ తెనాలి మరి మాది!

కథలో రాజు పని చిన్నదే. బెల్‌ఫాస్ట్‌లో కొత్త పార్లమెంటు తెరవడానికి వచ్చాడు. యుద్ధం ఆపించే అధికారం ఆయనకి లేదు. మంత్రులు ఒప్పుకున్న మాటలే చదవాలి. అయినా అందరూ ఓర్పు పట్టండి, జరిగింది మరిచిపోండి అని అడిగాడు. కొద్ది వారాల్లో సంధి కుదిరింది.

నాకిచ్చినవి నాలుగే వాక్యాలు. ఊరుకుంటానా? బ్లాంచర్డ్స్‌టౌన్‌లో నాటకాలాడే తెలుగువాళ్ళ దగ్గర దుర్యోధనుడి కిరీటం, భుజకీర్తులు అరువు తెచ్చాను. ఆ నాలుగు వాక్యాలూ పద్యం కట్టి, "శాంతి" దగ్గర రాగం ఎత్తుకుని, ఊపిరి ఉన్నంతసేపూ దించలేదు. వెనక వరసల్లో మా ప్లాంటు తెలుగు ఇంజనీర్లు ఈలలేసి, "వన్స్ మోర్!" అన్నారు.

సాగనంపిన రాజుని మళ్ళీ రమ్మంటారేమిటని ఐరిష్‌వాళ్ళు తెల్లబోయారు. జనం అడిగాక కాదంటే నటుడికి మర్యాదా? మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ వన్స్ మోర్! మూడోసారి నేను గొంతు సవరించుకుంటుంటే డెక్లన్ చెక్క తుపాకీ కింద పడేసి, రెండు చేతులూ ఎత్తి, "ఒప్పుకుంటున్నాం, సంధికి ఒప్పుకుంటున్నాం! ఆయన్ని మాత్రం పాడనివ్వకండి!" అని కేకపెట్టాడు. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. అబ్బ, ఆ సంతోషం ఏ ప్రమోషన్‌కీ కలగలేదు నాకు!

టీ దగ్గర డెక్లనే చెప్పాడు. ఆ బ్యాచ్ గొడవ తనెప్పుడో మరిచిపోయాడట. తనే ముందు మాట్లాడితే తన మనుషుల్లో లోకువైపోతానని బిగదీసుకున్నాడట. సోమవారం ఉదయం ఫోన్ చేశాడు: "ఫిల్లింగ్ మెషీన్‌లో తూకం తేడా కొడుతోంది, వచ్చి చూస్తావా?" పరుగెత్తాను. అక్టోబరు తనిఖీలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని జవాబులు చెప్పాం.

పోట్లాడుకునేవాళ్ళకి చాలాసార్లు ఆగాలనే ఉంటుంది; పరువు పోకుండా ఆగడానికి ఒక సాకు కావాలి. ఆ సాకు అందించడానికి పెద్ద అధికారం అక్కర్లేదు, నలుగురిలో ముందుగా అడిగితే చాలు. క్వాలిటీ మేనేజరు పనుల్లో అదొకటని ఏ ట్రైనింగులోనూ నాకు చెప్పలేదు.