నాయన చెప్పిన మాట, నేను రాసిన మాట

ఆ ఫోను వచ్చినప్పుడు తిరుపతిలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. బెంగుళూరు నుంచి, సినిమా తీసిన అమ్మాయి చేసింది. ఆమెది ఉత్తరాది. తెలుగు రాదు, మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నన్ను మాత్రం ‘అక్కా’ అని పిలిచేది.

“అక్కా, మన సినిమా తిరుపతికి వస్తోంది. వచ్చే శుక్రవారం నుంచి వారం రోజులు, థియేటర్లో పొద్దుటి ఆట. వచ్చే నెల నుంచి ఎవరింట్లో వాళ్ళు టీవీలోనో ఫోన్లోనో చూసుకోవచ్చు. మొదటి ఆటకు అటవీ శాఖ వాళ్ళను కూడా పిలిచాను. మీ నాన్నగారిని తప్పకుండా తీసుకురా.”

“మంచి వార్త” అన్నాను. ఫోను పెట్టేసి చూసుకుంటే, ఎవరిదో పేపరు మీద నా ఎర్ర పెన్ను అడ్డంగా పెద్ద గీత గీసి ఉంది.

మాది పలమనేరు దగ్గర పల్లె. అడవి అంచున నాయనకు కాస్త భూమి ఉంది. టమాటా, రాగి వేస్తాడు. ఏనుగులు దిగే దారిలోనే మా చేను. వాటి పక్కన బతికే రైతుల మీద డాక్యుమెంటరీ తీయాలని ఆ అమ్మాయి మా ఊరికి వచ్చింది. సెలవుల్లో నేను వెళ్ళి, ఆమె మాట నాయనకూ నాయన మాట ఆమెకూ చెప్పేదాన్ని. తర్వాత ఆమె తీసినవన్నీ నాకు పంపేది. నేను విని ఇంగ్లీషులో రాసిచ్చేదాన్ని. తెర మీద కింద కనిపించే అక్షరాలన్నీ నేను రాసినవే.

అలా పంపినవాటిలో ఒకటి, నేను ఊళ్ళో లేని రోజు తీసింది. పొద్దున్నే నాయన చేని గట్టున కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మాయి కెమెరా ఎదురుగా పెట్టి పక్కన నిలబడింది. ఆమెకు తెలుగు రాదని నాయనకు తెలుసు. అర్థం కాని మనిషి ముందు ఆయనకు నోరు తెరవడం తేలికైనట్టుంది.

“ఆ ఏనుగు పిల్ల పడింది లైను తగిలి కాదు. నేను లాగిన తీగ. మోటారు కాడి నుంచి చేను సుట్టూ లాగినా. బెదిరి పోతాయిలే అనుకున్నా. తెల్లారి సూస్తే ఏనుగు పిల్ల పడుండాది. తల్లి తొండంతో లేపతా ఉండాది. అది లెయ్యలా. తల్లి పక్కకు పొయ్యేదాకా సూసి, తీగ సుట్టి పాడుబావిలో ఏసినా. ఎవురికీ సెప్పలా.”

చెవుల్లో ఇయర్‌ఫోన్లతో మా వంటింట్లో ఇది విన్నాను. రెండోసారి వినడానికి ధైర్యం చాల్లేదు. ఆ గున్న ఏనుగు చచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. పొలం మీదుగా పోయే కరెంటు లైను వేలాడి తగిలిందని అందరూ అనుకున్నారు. లైన్‌మన్‌ను నానా మాటలూ అన్నారు, తర్వాత అతన్ని వేరే చోటికి మార్చారు. నాయన మీద ఎవరికీ అనుమానం రాలేదు.

తెలిస్తే కేసు, జైలు. అరవై ఐదు దాటిన మనిషి. నేను మొదట్లో తీగ లాగిన మాటలన్నీ తీసేసి, ‘లైను వేలాడుతూ ఉండింది, నాకు తెలుసు’ అని రాశాను. తల్లి ఏనుగు మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాను. తీగ చుట్టి బావిలో వేసిన మాట ఎగరగొట్టాను. చివర ‘ఎవరికీ చెప్పలేదు’ అన్నదాన్ని ‘ఎవరికని చెప్పుకోను’ చేశాను. ఆ ముక్కే తీసేయమని అడిగి ఉండవచ్చు. కానీ ఎందుకని ఆమె అడిగితే ఏం చెప్పను? ఆ అమ్మాయికి నాయన ముఖం చాలా నచ్చింది. దాన్ని సినిమా చివర్లో పెట్టుకుంది.

రెండేళ్ళు ఆ సినిమా పరాయి దేశాల్లో తిరిగింది. వాళ్ళకు తెలుగు రాదు, చదివేది నా అక్షరాలే. నేను నిశ్చింతగానే ఉన్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడది తిరుపతికి వస్తోంది. ఈడ ఎవరూ కింద అక్షరాలు చదవరు. నాయన నోటి మాటే వింటారు. ఆ తర్వాత మా పల్లెలో ప్రతి ఫోన్లోనూ అదే మోగుతుంది.

కాలేజీకి పోయే దారిలో థియేటరు గోడ మీద పోస్టరు వేశారు. నాయన ముఖం, వెనక అడవి. బస్సు అక్కడికి వచ్చేసరికి అటువైపు చూడకుండా తల తిప్పుకునేదాన్ని. ఖాకీ ప్యాంటు వేసుకున్న మనిషి మా వీధిలో కనబడితే లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని.

ఆదివారం పలమనేరు బస్సెక్కాను. నాయన పశువుల కొట్టం కడుగుతున్నాడు. చీపురు కింద పెట్టించి, కూర్చోబెట్టి అంతా చెప్పాను.

“ఆ పొద్దు కెమెరా తిరగతా ఉండాదని తెలుసు” అన్నాడు. “ఆ యమ్మికి అర్థం కాదులే అనుకున్నా. నువ్వు వింటావని తోచలా.” తర్వాత అడిగాడు: “నువ్వేమని రాసినావు?”

“లైను వేలాడతా ఉండిందని.”

“అంటే రెండేండ్లుగా నీకు తెలుసునా?”

తలూపాను. ఆయన చేతులు తడి పంచెకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

“ఆపించు పాపా” అన్నాడు. “ఈ వయసులో నన్ను జైల్లో ఏస్తే నేను బతకను.”

మా నాయన నన్ను బతిమాలడం అదే మొదలు. పెరట్లోకి పోయి ఆ అమ్మాయికి ఫోను చేశాను. అంతా చెప్పి, ఆ ముక్క తీసేయమన్నాను. లైను తెగిందేమోనని ‘హలో’ అన్నాను.

“వింటున్నాను” అంది. ఈసారి ‘అక్కా’ లేదు. “నేను ఎన్ని ఊళ్ళలో నిలబడి ఆ మాటలు వివరించానో తెలుసా? అదంతా అబద్ధమా?”

“తప్పు నాదే. మా నాయన తెలుగులో నిజమే చెప్పినాడు.”

మరునాడు ఆమే చేసింది. ఆ ముక్క తీసి కొత్త కాపీ పంపడానికి గురువారం సాయంత్రం దాకా టైముందట. “ఆ ముఖం ఆయనది, మాట ఆయనది. వద్దంటే తీసేస్తాను. కానీ నువ్వు కాదు, ఆయన చెప్పాలి” అంది. ఆ మాట నాయనకు ఫోన్లో చెప్పాను.

బుధవారం నాయన ఒక సంచి పట్టుకుని తిరుపతికి వచ్చాడు. “ముందు నన్ను సూడనీ” అన్నాడు. ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి నా దగ్గరున్న కాపీ వేశాను. గంటన్నర కదలకుండా చూశాడు. తన వంతు వచ్చినప్పుడు ముందుకు వంగి, ఇంకెవరో చెబుతున్నట్టు విన్నాడు. అయిపోయాక గోడకు ఆనుకున్నాడు.

“ఆ లైన్‌మన్ను ఊరంతా తిట్టినారు” అన్నాడు. “వాళ్ళతో పాటు నేనూ తిట్టినా. నిలబడి, గట్టిగా.”

నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

“ఉండనీమని చెప్పు.”

“కేసవుతాది నాయనా.”

“అవుతాది. నాకు భయంగానే ఉండాది. అయినా ఉండనీ.”

శుక్రవారం ఆటకు పట్టుమని ముప్పై మంది కూడా లేరు. ముందు వరుసలో అటవీ శాఖ వాళ్ళు నలుగురు కూర్చున్నారు. ఆ అమ్మాయి వచ్చింది, నాయనకు దండం పెట్టింది, నన్ను చూడలేదు. నాయన ముఖం తెరంతా నిండింది. ‘నేను లాగిన తీగ’ అన్న మాట అంత పెద్ద హాలులో అన్ని వైపుల నుంచీ వినబడింది. కింద ఇంకా నా అబద్ధమే నడుస్తోంది. ముందు వరుసలో ఒకతను తల వెనక్కి తిప్పి చీకట్లో మా వైపు చూశాడు. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. లైట్లు వెలిగేదాకా వదల్లేదు.

బయట మెట్ల దగ్గరకు, తల తిప్పి చూసిన ఆ అధికారి వచ్చాడు. నడివయసు మనిషి. కేకలు వేస్తాడనుకున్నాను.

“పెద్దాయనా, తెర మీద ఉండేది నువ్వేనా?”

“నేనే సార్.”

“సెప్పింది నిజమేనా?”

“నిజమే సార్.”

“సోమవారం ఆఫీసుకు రావాల. నేను విననట్టు ఉండేదానికి లేదు. కూతుర్ని ఎంటబెట్టుకుని రా.”

సోమవారం వెళ్ళాం. నాయన చెప్పాడు, వాళ్ళు రాసుకున్నారు, ఆయన వేలిముద్ర వేయబోయి ఆగి సంతకం పెట్టాడు. పాడుబావిలో తీగ దొరికింది. కేసు పెట్టారు. బెయిలు వచ్చింది. ఊళ్ళో కొందరు మాట్లాడటం మానేశారు. నోరు మూసుకోక నీకెందుకీ పని అని ఇంటికొచ్చి తిట్టినవాళ్ళూ ఉన్నారు.

సినిమా ఇళ్ళలోకి వచ్చిన రోజు ఒక్కదాన్నే కూర్చుని చూశాను. కింది అక్షరాలు ఆ అమ్మాయి వేరే ఎవరితోనో మళ్ళీ రాయించింది. పొల్లు పోకుండా ఉన్నాయి. నా పేరు తీసేశారు. ‘చూశాను, బాగా రాశారు’ అని ఆ అమ్మాయికి మెసేజి పెట్టాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఇప్పుడు వాయిదాలకు నాయన పలమనేరు నుంచీ నేను తిరుపతి నుంచీ చిత్తూరు చేరుతాం. బస్టాండులో కలుసుకుని ఆటోలో కోర్టుకు పోతాం. మొన్నటి వాయిదాకు జడ్జి సెలవు. బయట బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పాం. నాయన ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని, “ఎన్నేండ్లు ఏస్తారంటావు?” అని అడిగాడు. తెలియదన్నాను. “తెలీదులే” అని ఆయనా అన్నాడు. ఇడ్లీ తినమన్నాను.