పెద్దబాపు ఆఖరి బాల్

పెద్దబాపు పోయాడని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో మా సాంచాల షెడ్డులో ఉన్నాను. మరమగ్గాల చప్పుడులో ఆమె మాట వినబడక బయటికి వచ్చి మళ్లీ అడిగాను. "మీ పెద్దబాపు పోయిండే బిడ్డా. పొద్దుగాల చాయ్ పెట్టుమన్నడు. తెచ్చేవరకు లేడు" అంది. మా నాన్నకు అన్న ఆయన. సగం జీవితం గల్ఫ్‌లో లారీలు నడిపి, కోరుట్లకు తిరిగొచ్చి, మా దిక్కున ఎవరూ ఆడని ఆట ఆడిన మనిషి. గోల్ఫ్.

ఏడ్చాను. దినాల రోజు కోరుట్ల ఫంక్షన్ హాల్లో పెట్టిన సంతాప సభలో మాత్రం ఏడుపు రాలేదు, రోత పుట్టింది. అక్కడ నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క ముచ్చట. పెద్దబాపు ఆఖరిసారి కొట్టిన బంతి గురించి. దాన్ని చూసింది నేనొక్కదాన్నే. చెప్పనివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు ఆయన ఆట గురించి చెప్పాలి.

గోల్ఫ్ అనగానే మీకు టీవీలో చూసే పచ్చగడ్డి గుర్తొస్తుంది. దాన్ని మరిచిపోండి. గల్ఫ్‌లో పెద్దబాపు ఉన్న క్యాంపు దగ్గర గడ్డి పరక కూడా లేదట. సెలవు రోజు డ్రైవర్లూ, గుమస్తాలూ, వంటవాళ్లూ ఇసుకలోనే ఆడేవారు. చంకలో చిన్న ప్లాస్టిక్ గడ్డి పట్టా పెట్టుకోవడం, బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ పట్టా పరిచి, దాని మీద బంతి పెట్టి కొట్టడం. గుంత చుట్టూ మాత్రం పాత ఇంజన్ ఆయిల్ కలిపిన ఇసుకను చదును చేస్తారు. పచ్చగా ఉంటే గ్రీన్ అంటారు కదా, ఇది నల్లటి మట్టిరంగు కాబట్టి బ్రౌన్. తిరిగొచ్చేటప్పుడు బంగారం తెస్తాడని పెద్దమ్మ ఎదురుచూస్తే, ఆ పట్టా, రెండు స్టిక్కులు తెచ్చాడు. "ఎండలవడి గా గోలీలాట ఏందో! పోరగాండ్లు సుత ఆడుతలేరు" అని ఆమె చివరిదాకా తిట్టింది.

ఆయనతో పాటు గల్ఫ్ నుంచి వచ్చి పసుపు పండించుకుంటున్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఊరి పేరుతో మల్లాపూర్ మామ అంటాం. మేడిపల్లి శివారులో ఆయనకున్న, సాగు చేయని రాళ్ల పడావు భూమిలో ఇద్దరూ కలిసి గుంతలు తవ్వి పాలపొడి డబ్బాలు పాతారు, చుట్టూ అట్లాగే ఆయిల్ ఇసుక పరిచారు. జెండాలకు గుడ్డ మా సాంచాల మీదిదే. ఆదివారం ఆదివారం సిరిసిల్ల నుంచి కారులో నేనూ ఆడటానికి పోయేదాన్ని. ఒక బ్రౌన్ మీద ఆట ముగించినవాళ్లు, గోనెసంచి చుట్టిన చెక్కను ఈడ్చి అడుగుజాడలు చెరిపి వెళ్లాలి. "ఎనుక అచ్చేటోళ్లకు సాపు దొరకాలె" అనేవాడు పెద్దబాపు. వెనక ఎవరూ లేకపోయినా ఈడ్పించేవాడు.

ఆయన లెక్క రాయనిచ్చేవాడు కాదు. ఎవరు ఎన్ని దెబ్బల్లో ముగించారో ఎవరికీ పట్టేది కాదు. ఆట అయ్యాక రోడ్డు మీది చాయ్ హోటల్లో కూర్చుంటాం. అక్కడ ఒక్కొక్కరూ పక్కవాడు కొట్టిన ఒక మంచి బంతి గురించి చెప్పాలి. సొంత బంతి గురించి నోరెత్తకూడదు. "నీ బాల్ ముచ్చట నువ్వే చెప్పుకుంటె గది డప్పు. ఇంకోడు చెప్తె గది ఆట" అనేవాడు. అందరిదీ అయ్యాక గ్లాసు కింద పెట్టి, "ఏం, మనసు నిమ్మలమైందా?" అని అడిగేవాడు.

ఒక ఆదివారం మల్లాపూర్ మామకు ఏ బంతీ కుదరలేదు. రాళ్లలోకి ఒకటి, ముళ్లలోకి ఒకటి. "నాకు చేతగాదు, ఇగ నేను రాను" అని హోటల్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పెద్దబాపు తీరిగ్గా మొదలుపెట్టాడు. "తుమ్మచెట్టు ఎనుకకెల్లి లేపినవ్ సూడు, కొమ్మల సందులకెల్లి. గసొంటిది నేను గల్ఫ్‌ల సుత సూడలె." మామ ముఖం మెల్లగా ఇటు తిరిగింది. "ఔ, గది జర మంచిగనే లేసింది" అన్నాడు. ఇంటికి పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. మరుసటి ఆదివారం అందరికంటే ముందు వచ్చి బ్రౌన్ చదును చేస్తూ కనబడ్డాడు.

పెద్దగా చేతగాని ఆట ఆడి మనిషి తృప్తిగా ఇంటికి ఎందుకు పోతాడని నేను చాలాసార్లు ఆలోచించాను. ముందు పోయినవాళ్లు చదునుగా వదిలిన నేల, వెనకనుంచి తొందరపెట్టని మనుషులు, రోజంతటిలో కుదిరిన ఒక్క దెబ్బ. ఆ దెబ్బను చూసి గుర్తుపెట్టుకున్న ఇంకో మనిషి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇది తలకెక్కని మనిషి ఒకాయన వచ్చాడు. జగిత్యాలలో ప్లాట్లు అమ్ముతాడు. మేం వెంచర్ సార్ అనేవాళ్లం. హైదరాబాద్‌లో గడ్డి మీద ఆడి వచ్చాడు, మా అందరికంటే బాగా కొడతాడు, అందులో అబద్ధం లేదు. కానీ ఏ రోజూ సంతోషంగా పోలేదు. గాలి బాగాలేదు, నేల బాగాలేదు, మల్లాపూర్ మామ నత్తలా నడుస్తున్నాడు. చెక్క ఈడ్వమంటే వినబడనట్టు పోయేవాడు. ఒకరోజు పొదలో పడ్డ బంతిని అటూ ఇటూ చూసి బూటుతో బయటికి తన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పెద్దబాపూ, సూసినవా?"

"సూసిన. నోరు మూసుకో. హోటల్ కాడ చెప్త."

హోటల్లో ఆయన వంతు వచ్చింది. గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల మన సార్ బూటుతోని బాల్ మస్తు కొట్టిండు. పొదలకెల్లి సక్కగ అచ్చి సాపు మీద కూసున్నది. స్టిక్కుతోని గట్ల ఎవ్వనికి రాదు." మల్లాపూర్ మామకు చాయ్ ముక్కులోకి పోయింది. సార్ గ్లాసు ముట్టకుండా కారెక్కి పోయాడు. పెద్దబాపు మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చేటప్పుడు అన్నాడు: "గెలిసి సుత గా మొఖం పెట్టుకొని పోతుంటె సూస్తె నాకు ఓకారమస్తది బిడ్డా. గంత మంచిగ కొడ్తడు, ఒక్క బాలన్న వానికి తీపి గాలె."

ఆ వెంచర్ సారే సంతాప సభకు అధ్యక్షుడు. స్టేజీ మీద ఫ్లెక్సీలో పెద్దబాపును నిగనిగలాడే పచ్చగడ్డి మీద నిలబెట్టారు, ఆయన జన్మలో కాలు పెట్టని గడ్డి. కింద ఏవో బిరుదులు. మాట్లాడటానికి లేచినవాళ్లలో సగం మంది ఆ పడావు భూమి ఎటువైపు ఉంటుందో ఎరగనివాళ్లు. సార్ మైకు పట్టుకుని, ఒకసారి తాను కొట్టిన బంతి గాలిలో ఎంత దూరం పోయిందో, దాన్ని చూసి పెద్దబాపు ఎట్లా నోరెళ్లబెట్టాడో చెప్పాడు. తరువాతివాడు తన గొప్ప చెప్పాడు. చావు సభలో కూడా ఎవరి డప్పు వాళ్లదే. తరువాత పెద్దబాపు పేరు మీద కప్పు పోటీ పెడతామన్నారు. స్కోరు కార్డులు అచ్చువేయిస్తారట. చప్పట్లు.

నేను లేచి స్టేజీ దగ్గరికి పోయాను. మైకు పట్టుకున్నతను అడ్డం వచ్చాడు. "టైం అయిపోయింది మేడం. బువ్వలు సల్లారుతున్నయ్."

"ఒక్కటే ముచ్చట తమ్మీ."

"ఆడోళ్లు ఏం మాట్లాడుతరు మేడం గోల్ఫ్ గురించి" అని మైకు ఆపేశాడు. మల్లాపూర్ మామ తలవంచుకుని కూర్చున్నాడు. అందరూ లేచి మటన్ కోసం తోసుకున్నారు. నేను ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.

ఇక ఆ ముచ్చట. పసుపు ఉడకబెట్టే రోజులు కావడంతో, పెద్దబాపు ఆఖరిసారి ఆడిన ఆ ఆదివారం మల్లాపూర్ మామ రాలేదు. నేనూ పెద్దబాపూ మాత్రమే ఉన్నాం. అప్పటికే ఆయనకు దమ్ము, ఆయాసం ఎక్కువైంది. నాలుగు అడుగులు వేసి స్టిక్కు మీద ఆనుకునేవాడు. పట్టా నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఆఖరి గుంత దగ్గర ఆయన బంతి బ్రౌన్ అంచున ఆగింది. జెండా అవతలి అంచున ఉంది. చాలాసేపు వంగి చూసి, కొట్టాడు. బంతి వైపు కాకుండా నా వైపు తిరిగి, "ఎట్లుండె బిడ్డా?" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. తన బంతి గురించి తానే అడగకూడదు కదా. "ఇప్పుడొద్దు. హోటల్ కాడ చెప్పు" అన్నాడు.

చెక్క ఈడ్వబోయాడు, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "నువ్వు ఈడువు బిడ్డా" అని కూలబడ్డాడు. నేను ఈడ్చాను. హోటల్ దగ్గర కారు ఆపలేదు, నేరుగా ఇంటికి తీసుకుపోయాను. ఆ తరువాత ఆయన మంచం దిగలేదు. మంచం పక్కన కూర్చుని చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "ఈడ గాదు. మంచిగైనంక హోటల్ కాడ."

మొన్న ఆదివారం ఆ హోటల్‌కు పోయి రెండు చాయ్‌లు చెప్పాను. మల్లాపూర్ మామ ఎదురుగా కూర్చున్నాడు. మామ ముందు పెద్దబాపుకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

పెద్దబాపూ, నువ్వు జెండా దిక్కు కొట్టలె. పక్కకు కొట్టినవ్. తప్పిందనుకున్న. నడిమిట్లకు పోయినంక వాలు దొరికి బాల్ మెల్లగ ఒంగింది. సప్పుడు లేకుంట పోయి డబ్బాకు జానెడు దూరంల ఆగింది. లోపల పడలె. గంత దూరంకెల్లి గంత మంచిగ నేను ఎన్నడు సూడలె. బాల్ పోయిన జాడ నూలుపోగంత సన్నగ, నీ కాళ్లకాడికెల్లి జెండా దాక, ఎక్కడ తెగకుంట, గా నల్లటి ఇసుక మీద.