ఊరికని దాచిన పీ కోటు

మా మనవరాలి మొగుడు పోయిన చలికాలంలో ఒక కోటు కొనుక్కొచ్చాడు. దాన్ని పీ కోటు అంటారట. తెచ్చిన రోజు నుంచి ఇంట్లో దాని కథే. వందల ఏళ్ల కిందట డచ్చి నావికులు తొడుక్కునేవాళ్లట. వాళ్ల భాషలో ముతక ఉన్ని గుడ్డకున్న పేరే కోటుకు వచ్చిందట. తర్వాత ఇంగ్లీషువాళ్ల ఓడల మీదికి, అక్కణ్నుంచి అమెరికావాళ్ల ఓడల మీదికి పోయిందట. ఫోనులో చూసి ఇదంతా నాకు చదివి వినిపించాడు. విన్నాను. అతని కోటుకు దుప్పటంత మందం కూడా లేదు. గుండీలు పెట్టుకోడు. పెట్టుకుంటే లోపలి చొక్కా కనబడదట. బెంగళూరులో ఎవరిదో రిసెప్షనుకు అట్లాగే తెరిచి వేసుకుపోయి, ఫొటోలయ్యాక మెడ మీద చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

నలుగురికి చూపించుకోవడానికి కోటు తొడిగే మగవాళ్లంటే నాకు గిట్టదు. అందుకు కారణం మా ఆయన.

మేమిద్దరం సౌదీలో, తబూక్ ఊళ్లో ఒకే ఇంట్లో పనిచేశాం. లోపల వంట, గిన్నెలు, పిల్లలు నావి. బయట బండి ఆయనది. గేటు పక్కన రేకుల గదిలో ఉండేవాడు. ఇంట్లో ఆడవాళ్లు తిరిగే చోటికి ఆయన రాకూడదు, పని లేకుండా ఆ గదికి నేను పోకూడదు. మొగుడూ పెళ్లాలమైనా వంటింటి వెనక తలుపు దగ్గర అన్నం గిన్నె అందించేటప్పుడు మాట్లాడుకున్నదే మాట.

సౌదీ అంటే ఎండ అనుకుంటారు మావాళ్లు. తబూక్ చలికాలం వాళ్లకేం తెలుసు? తెల్లారేసరికి బకెట్లో నీళ్ల మీద మంచు పొర కట్టి ఉండేది. గల్ఫు యుద్ధం జరిగిన చలికాలంలో విషవాయువు వస్తుందన్న భయంతో కిటికీలకు టేపు అంటించి, తలుపు సందుల్లో తడి తువాళ్లు కుక్కి మేమంతా లోపల కూర్చున్నాం. రేకుల గదికి అన్నీ సందులే, ఎన్నని కుక్కుతాం. ఆ ఏడే మా ఆయనకు నెమ్ము చేసింది. ఎండలు ముదిరేదాకా దగ్గు వదల్లేదు.

ఇంటాయనను బాబా అనీ, ఆయన భార్యను మేడమ్ అనీ అనేవాళ్లం. మా వీసాలకు పూచీ ఉన్న కఫీలు ఆయనే, అక్కడ ఉండనిచ్చే ఇకామా కాగితాలు ఆయన చేతిలోనే. చెడ్డ మనిషి కాదు. కానీ బండిలో పిల్లల ముందు దగ్గే మనిషిని పెట్టుకోనన్నాడు. వచ్చే చలికాలం మళ్లీ ఇట్లాగే పడితే ఎగ్జిట్ కొట్టిస్తానని నాతోనే చెప్పాడు. ఎగ్జిట్ అంటే ఇంటికి పోవడమే, ఆ పని ఇక పోయినట్టే. ఊళ్లో పిల్లల బడి, సగంలో ఆగిన ఇంటి గోడలు మా ఇద్దరి జీతాల మీదే నిలబడి ఉన్నాయి.

అందుకని మళ్లీ చలి రాకముందే ఒక మంచి కోటు కొనాలని నేను పట్టుబట్టాను. పాత సామాన్ల సంతను అక్కడ హరాజ్ అంటారు. మేడమ్ తివాచీ బేరమాడుతుంటే మేమిద్దరం పాత బట్టల కుప్ప దగ్గరికి పోయాం. పాకిస్తానీ ముసలాయన నల్లగా కనబడే నీలం కోట్లు గుట్టగా పోసి అమ్ముతున్నాడు. యుద్ధానికొచ్చిన ఫౌజులు పోతూ పోతూ వదిలేసినవట. నిజమో అబద్ధమో ఆయనకే తెలియాలి.

"సముందర్ వాలోం కా కోట్ హై, అమ్మా. హవా అందర్ నహీ ఆయేగీ" అన్నాడు.

సముద్రం మీద తిరిగేవాళ్ల కోటు, గాలి లోపలికి రాదు అని. తిరగేసి చూశాను. నడుము కిందికి జానెడే ఉంది. ఓడ స్తంభం మీదికి తాళ్లు పట్టుకుని ఎక్కేవాడికి మోకాళ్లకు అడ్డం పడకూడదని అంత పొట్టిగా కుట్టారట. జేబులు నిలువుగా చీల్చి ఉన్నాయి, చలికి చేతులు దూర్చుకోవడానికి. కాలరు లేపితే చెవులు మూసుకుపోతాయి. రెండు వరసల పెద్ద గుండీలు, వాటి మీద లంగరు బొమ్మ. గుండీలు పెడితే గుడ్డ రొమ్ము మీద రెండు పొరలుగా పడుతుంది. నాకు కావలసింది ఆ రెండు పొరలే. లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, ముసలాయన అగ్గిపుల్ల గీస్తే కాల్చి చూశాను. వెంట్రుక కాలిన కంపు వచ్చింది. ఉన్నే.

మా ఆయన అది తొడుక్కుని బండి అద్దంలో చూసుకున్నాడు.

"ఎట్లుండానే?"

"దగ్గు రాకుంటే సాలు. గుండీలు పెట్టు."

చలి దిగింది. తెల్లవారుజామున బండి తుడిచేటప్పుడు వంటింటి కిటికీలోంచి చూస్తే ఒంటి మీద పాత శాలువానే. అన్నం గిన్నె ఇస్తూ కోటేదయ్యా అని అడిగితే, బండిలో ఉండాదిలే, దూరం పోయేటప్పుడు ఏసుకుంటా అనేవాడు. కొన్నాళ్లకు దగ్గు మొదలైంది. ఒకరోజు పిల్లలను బడికి దించే వేళకు బండి బయటికి రాలేదు. మేడమ్ వేడి గంజి ఇచ్చి నన్నే ఆ గదికి పంపింది.

ఆయన కాళ్లు ముడుచుకుని వణుకుతున్నాడు. మంచం కింద అట్టపెట్టె, దానికి నైలాన్ తాడు బిగించి ఉంది. తాడు విప్పితే పైనే ఉంది కోటు, ప్లాస్టిక్ కవరులో, కలరా ఉండలతో సహా.

గల్ఫుకు పోయిన మా మగవాళ్ల రోగమే ఇది. కొత్త దుప్పటి, మంచి సబ్బు, సెంటు సీసా, చేతికి ఏది వచ్చినా ఊరికని పెట్టెలో పెట్టి తాడు కడతారు. తాము మాత్రం చిరిగిన బనీనుతో బతుకుతారు. పెట్టె ఎంత లావైతే మనిషి అంత గొప్ప.

"ఏందయ్యా ఇది?"

"ఊరికి."

"ఊర్లో ఓడలు తిరగతాండాయా?"

"బస్సు దిగేటప్పుడు ఏసుకుంటా. మీ చిన్నాయన కొడుకు తోలు కోటేసుకోని దిగల్యా? ఊరంతా చూసింది."

"నడి ఎండాకాలంలో దిగినాడు. సొమ్మసిల్లి పడితే మొగాన నీళ్లు కొట్టినారు. అదీ చూసింది ఊరు."

"ఈడ ఏసుకుంటే మోచేతులు అరిగిపోతాయి మే. సీటుకు రాసుకోని వీపు నున్నగైపోతాది. పాతది ఏసుకోని దిగమంటావా?"

"కొన్నప్పుడే అది పాతది."

ఆయనకు దగ్గు పొడుచుకొచ్చింది. అది చాలాసేపు వదల్లేదు.

నేనే కోటు తొడిగి గుండీలన్నీ పెట్టాను. అప్పుడు పెట్టి ఏం లాభం? ఆస్పత్రిలో మళ్లీ నెమ్మే అన్నారు. మా ఆయన కాస్త కోలుకున్నాక బాబా అరవలేదు, తిట్టలేదు, పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చలి పోయేదాకా ఉండనివ్వమని అడిగాను. నిరుడే చెప్పాను కదా అన్నాడు. చెప్పిన మాట నిజమే.

పోయే రోజు పొద్దున పెట్టె తూకం వేస్తే విమానానికి బరువు ఎక్కువైంది. సబ్బులూ దుప్పట్లూ తీయడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. కోటు తీసి ఒంటి మీద వేసుకున్నాడు. అంత జ్వరం పడ్డాక, విమానంలో బరువు కోసం. డ్రైవరు లేడు కాబట్టి బాబానే బండి తీశాడు. గేటు దగ్గర మా ఆయనను కింద నుంచి మీదికి చూశాడు.

"ఈ కోటు ఎప్పటిది?" అని నన్నడిగాడు అరబ్బీలో.

"చలి రాకముందు కొన్నాం, బాబా."

"మరి ఆ చిరుగు శాలువాతో ఎందుకు వణికాడు?"

"బిలాద్ కోసం" అన్నాను. బిలాద్ అంటే సొంత ఊరు.

"అక్కడ అంత చలా?"

"లేదు బాబా. ఎండ."

బాబా పెట్టె ఎత్తి తనే వెనక పెట్టాడు. మా ఆయన రోజూ తుడిచిన బండిలో పక్క సీట్లో కూర్చుని అద్దం దించాడు. ఏదో చెబుతాడనుకున్నాను, పిల్లల గురించో, నేను ఒక్కదాన్నే మిగిలిపోతున్న సంగతో.

"కాలరు సరిగ్గా ఉండాదా మే?" అన్నాడు.

"ఉండాది. పో."

బండి వీధి మలుపు తిరిగింది. గేటు మూయడం అప్పటిదాకా ఆయన పని. ఆ రోజు నేనే మూసి, గిన్నెలు కడగడానికి లోపలికి పోయాను.