వాసన పడని నెలలు

బి.ఏ. అయ్యేదాకా పిల్లలు వద్దనుకుని, మలక్‌పేట డాక్టరమ్మ ఇచ్చిన గర్భనిరోధక మాత్రలు చాటుగా మింగేదాన్ని. అప్పటినుంచి, ఎంతో ఇష్టమైన మా ఆయన చెమట వాసనకే కడుపులో తిప్పేది.

"మా కోడలికి వేవిళ్లు" అంటూ అత్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటింటికీ చక్కెర పంచింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో లాఠీ తగిలి ఆయన నెత్తురోడుతూ వచ్చాడు. కట్టు కోసం అత్త నా పాతచీర లాగితే మడతల్లో దాచిన మాత్రలు రాలాయి. అవేమిటో చెప్పాను.

"గిందుకేనా నన్ను జూస్తే మొఖం తిప్పుతున్నవ్?" అంటూ నా చెంప పగలగొట్టి, మాత్రలు మోరీ కాలవలో పారేశాడు.

ఊళ్లో కర్ఫ్యూ పెట్టడంతో కొత్తవి తెచ్చుకోలేకపోయాను. మాత్రలు ఆగిన కొన్ని వారాలకు ఆ వాసన మళ్లీ నచ్చసాగింది. కొట్టిన చెయ్యి దగ్గరికొచ్చినా పక్కకు జరగబుద్ధి కాలేదు. దెబ్బకన్నా అదే భయపెట్టింది. కర్ఫ్యూ ఎత్తేసిన పొద్దున్నే మళ్లీ మాత్రల కోసం మలక్‌పేట వెళ్లాను.